యాప్ మూతపడుతోంది, 112 బ్లాగులున్నాయి: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:

నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. తెనాలిలో ఉంటాం. 2009లో మా అమ్మాయి కంప్యూటర్లో కూడలి అనే, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైటు తెరిచి చూపించింది. అప్పటినుంచి తెలుగు బ్లాగులు చదవడం అలవాటైపోయింది. ఫోన్ కొన్నాక, బ్లాగుల్లో కొత్తగా రాసినవి తెచ్చి ఒకచోట చూపించే రీడర్ యాప్ ఒకటి పెట్టుకుని, నచ్చిన బ్లాగులన్నీ అందులో చేర్చుకుంటూ వచ్చాను. ఈమధ్య లెక్కపెడితే 112 తేలాయి. అందులో సగం మంది రాయడం మానేశారు. పోయిన వారం యాప్ తెరిస్తే, వచ్చే నెల 30తో మా సేవ ఆగిపోతుందని ఇంగ్లీషులో నోటీసు కనిపించింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నక్షత్రం గుర్తు పెట్టి దాచుకున్న టపాలే, అంటే బ్లాగు పోస్టులే, మూడొందల దాకా ఉన్నాయి. మా మనవడేమో, "తాతయ్యా, వాళ్ళందరూ ఫేస్‌బుక్‌లో ఉంటారు, అక్కడ ఫాలో అవ్వు" అంటున్నాడు. నా దగ్గర ఆండ్రాయిడ్ ఫోను, ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉన్నాయి. కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు చదవలేకపోతున్నాను. నెలనెలా డబ్బు కట్టడం ఇష్టం లేదు, తప్పదంటే కడతాను. ఏది పెట్టుకోమంటారు?

ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం:

మాస్టారూ, నమస్కారం. కొత్త యాప్ ఏది పెట్టుకోవాలో తీరిగ్గా చూద్దాం. దానికంటే ముందు ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది.

పాత యాప్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. "ఎక్స్‌పోర్ట్" అనో, "ఎక్స్‌పోర్ట్ ఓపీఎమ్ఎల్" అనో, "బ్యాకప్" అనో ఒక మాట కనిపిస్తుంది. ఫోన్‌లో దొరక్కపోతే అదే ఖాతాతో కంప్యూటర్లో వెతకండి. చాలా సేవలు ఈ సదుపాయాన్ని వెబ్‌సైట్‌లో మాత్రమే ఇస్తాయి. నొక్కగానే ఒక ఫైలు దిగుతుంది. పేరు చివర ఓపీఎమ్ఎల్ అనో ఎక్స్‌ఎమ్ఎల్ అనో ఉంటుంది. మీ 112 బ్లాగుల చిరునామాలు, మీరు పెట్టుకున్న ఫోల్డర్ల పేర్లు అందులో ఉంటాయి. తెరిస్తే గజిబిజిగా కనిపిస్తుంది, కంగారు పడకండి, అది మనం చదవడానికి కాదు. ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కంటే కూడా చాలా చిన్న ఫైలు. దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి, మీ అమ్మాయికీ పంపండి, కంప్యూటర్లో ఒక కాపీ ఉంచండి. ఈ మూడు చోట్లా చేరాక మీకు నిద్ర పడుతుంది. అప్పటికి మీ బ్లాగులు ఆ యాప్ చేతిలోంచి మీ చేతికి వచ్చేసినట్టే.

ఎక్స్‌పోర్ట్ అన్నది ఎక్కడా లేకపోతే, జాబితాని స్క్రీన్‌షాట్లు తీసి దగ్గర పెట్టుకోండి. 112 చిరునామాలు చేత్తో ఎక్కించడం ఒక వారం పని, కానీ అయ్యే పనే. 30వ తేదీ దాకా మాత్రం ఆగకండి. ఇలాంటి సేవలు ఆగిపోయే ముందు వినియోగదారులంతా ఒకేసారి వచ్చి పడతారు, సర్వర్లు మొరాయిస్తాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేనోసారి పోగొట్టుకున్నాను. నా జాబితా మొత్తం ఫోన్‌లో ఒక చిన్న యాప్‌లోనే ఉండేది, బయట ఎక్కడా కాపీ లేదు. వానలో ఫోన్ తడిసి పాడైపోయింది. 90 బ్లాగుల్లో గుర్తు తెచ్చుకుని నలభై దాకా మళ్ళీ పట్టుకోగలిగాను. మిగతావి పోయాయి. కోనసీమ యాసలో తన చిన్నప్పటి సంగతులు రాసే ఒకావిడ బ్లాగు వాటిలో ఉంది. బ్లాగు పేరు గుర్తు లేదు, ఆవిడ పేరు ఎప్పుడూ తెలియదు. ఆవిడ రాసిన వాక్యాలు కొన్ని మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. వాటిని గూగుల్లో పెట్టి ఎన్నిసార్లు వెతికానో, దొరకలేదు.

ఇక నక్షత్రాల సంగతి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓపీఎమ్ఎల్ ఫైలులో చిరునామాలే ఉంటాయి. మీరు నక్షత్రం పెట్టిన టపాలు గానీ, ఏది చదివారో ఏది చదవలేదో ఆ గుర్తులు గానీ అందులోకి రావు. కొత్త యాప్‌లో జాబితా ఎక్కించాక 112 పేర్లూ కనబడతాయి, నక్షత్రాలు ఒక్కటీ ఉండదు. కొన్ని సేవలు నక్షత్రాల జాబితాను విడిగా దించుకోనిస్తాయి. మీ యాప్‌లో ఉంటే అదీ తీసుకోండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు.

మూడొందల టపాలంటే రోజుకు పదిహేను చొప్పున ఇరవై రోజుల పని. గడువు లోపలే అవుతుంది. కంప్యూటర్లో అసలు బ్లాగు తెరిచి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ బదులు "సేవ్ యాజ్ పీడీఎఫ్" ఎంచుకోండి. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. లంకె నొక్కితే అసలు బ్లాగే లేదని వచ్చే టపాలను ముందు తీయండి. రాసినవాళ్ళు బ్లాగు తీసేసినా, రీడర్ యాప్ అంతకుముందే తెచ్చి దాచుకున్న కాపీ మిగిలి ఉంటుంది. 30వ తేదీ తర్వాత అదీ ఉండదు. ఒక్కోసారి ఆ టపాకి లోకంలో మిగిలిన కాపీ మీ యాప్‌లో ఉన్నదే కావచ్చు. అలాంటివి ఫోన్‌లోనే మొత్తం ఎంచి, కాపీ చేసి, మీకు మీరు మెయిల్ చేసుకోండి. రాసినవారి పేరు, తేదీ కూడా వచ్చేలా చూసుకోండి.

అసలు బ్లాగు ఇంకా ఉన్నవాటికి మరో పని చేయవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ నడిపే వేబ్యాక్ మెషీన్ ఉంది. అందులో "సేవ్ పేజ్ నౌ" అన్నచోట టపా చిరునామా పెడితే ఆ పేజీని వాళ్ళు దాస్తారు. డబ్బు అక్కర్లేదు. మీకు బాగా ఇష్టమైనవి ఓ యాభై అలా దాయించండి. రేపు ఆ బ్లాగు పోయినా ఇంకెవరైనా చదువుకుంటారు. మీరు తీసుకున్న పీడీఎఫ్‌లు మాత్రం మీ దగ్గరే ఉండనివ్వండి. వాట్సాప్‌లోకి వదిలితే రెండు రోజుల్లో రాసినవారి పేరు ఊడిపోయి, ఎవరి పేరుతోనో తిరుగుతాయి. తెలుగు బ్లాగరులు ఈ విషయంలో పడ్డ బాధ మీకు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు యాప్ ఎంపికకు వద్దాం. అసలిది ఎలా పనిచేస్తుందో నాలుగు ముక్కల్లో చెబితే, ఏది చూసి ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది. ప్రతి బ్లాగూ పాఠకులకు కనిపించే పేజీలతో పాటు ఫీడు అనే ఒక చిన్న ఫైలు పెడుతుంది. కొత్తగా రాసిన టపాల శీర్షికలు, తేదీలు, పాఠం అందులో ఉంటాయి. రీడర్ యాప్ చేసేదల్లా, మీరిచ్చిన చిరునామాలన్నీ కొంతసేపటికోసారి తిరిగి, ఆ ఫైళ్ళలో కొత్తది ఏమైనా చేరిందా అని చూసుకుని రావడమే. ఈ పద్ధతి 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో ఆర్‌ఎస్‌ఎస్ అనే పేరుతో మొదలైంది. ఇవాళ్టికీ పాడ్‌కాస్టులు మన ఫోన్లకు చేరుతున్నది ఈ దారినే. అంటే మీ యాప్ మూతపడినా దారి మూతపడలేదు. బ్లాగులు తమ ఫీడు ఇస్తూనే ఉన్నాయి, తెచ్చిపెట్టే మనిషే మారుతున్నాడు.

ఈ మార్పు మీకే కొత్తగా వచ్చిందీ కాదు. 2005 అక్టోబరులో మొదలైన గూగుల్ రీడర్‌ని ఎంతమంది నమ్ముకున్నారో! 2013 మార్చిలో గూగుల్ దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది, వాడేవాళ్ళు తగ్గిపోయారని కారణం చెప్పింది, ఆ ఏడాది జులై 1న మూసేసింది. ప్రకటన వచ్చిన 48 గంటల్లో 5 లక్షల మందికి పైగా తమ దగ్గరికి వచ్చారని ఫీడ్లీ అనే సేవ చెప్పుకుంది. వాళ్ళంతా అంత తేలిగ్గా మారగలిగారంటే, తమ జాబితా తమతో తెచ్చుకోగలిగారు కాబట్టే. అందుకే కొత్తది ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట చూసేది రంగులూ కాదు, అదనపు హంగులూ కాదు. ఇందులోంచి నా జాబితా బయటికి తీసుకోవడం ఎంత తేలిక అన్నది చూస్తాను. లోపలికి తెచ్చుకునే దారి పెట్టి బయటికి పోయే దారి పెట్టని యాప్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

రెండో ప్రశ్న, జాబితా ఎక్కడ ఉంటుంది? కొన్ని యాప్‌లు దాన్ని ఫోన్‌లోనే పెట్టుకుంటాయి. ఖాతా తెరవనక్కర్లేదు, మూసేసే కంపెనీ ఉండదు, కానీ ఫోన్ పోతే నా గతే. కొన్ని తమ సర్వర్లో పెట్టుకుంటాయి. ఫోన్‌లో చదివింది కంప్యూటర్లో చదివినట్టే కనబడుతుంది, కానీ ఆ కంపెనీ ఉన్నన్నాళ్ళే. మీకు ఫోనూ కంప్యూటరూ రెండూ ఉన్నాయి, కళ్ళకు పెద్ద తెర సుఖం. కాబట్టి మీరు రెండో రకానికే వెళ్ళండి.

ఆ రకంలో మీకు నేను చెప్పేది ఇనోరీడర్. 2013 నుంచి ఉంది, బల్గేరియా వాళ్ళది. ఉచిత ఖాతాలో 150 ఫీడుల దాకా పెట్టుకోవచ్చు, మీ 112 పట్టేసి ఇంకా చోటు మిగులుతుంది. మధ్యమధ్య ప్రకటనలు కనిపిస్తాయి, అదొక్కటే ఇబ్బంది. ఫీడ్లీ కూడా మంచిదే, చూడ్డానికి ఇంకా శుభ్రంగా ఉంటుంది, కానీ ఉచితంగా 100 ఫీడులకే అవకాశం. మీ జాబితాలో పన్నెండు బ్లాగులు బయట నిలబడతాయి. ఏ పన్నెండు తీసేయాలన్న ఆలోచనే మీకు వద్దు. ఇలాంటి పరిమితులు కంపెనీలు మారుస్తుంటాయి కాబట్టి ఖాతా తెరిచే రోజు ఒకసారి చూసుకోండి. న్యూస్‌బ్లర్ అనే మరో మంచి సేవలో ఉచిత పరిమితి 64, అది మీకు సరిపోదు.

డబ్బు కట్టే అవసరం మీకు ప్రస్తుతానికి నాకు కనబడటం లేదు. కట్టినవాళ్ళకు ఇచ్చే అదనపు సౌకర్యాలు ఎక్కువగా రోజూ వందల వార్తలు జల్లెడ పట్టాల్సిన ఉద్యోగాల వాళ్ళకు. ప్రకటనలు మరీ చికాకు పెడితే అప్పుడు ఆలోచించండి. ఆ పరిస్థితి వచ్చినా ఏడాదికి ఒకేసారి కట్టకుండా మొదట ఒక్క నెలకు కట్టి చూడండి.

ఇంకో మాట కూడా వినండి. కంప్యూటర్లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం ఉచితంగా వేసుకోవచ్చు. అందులో ఫీడులు చదివే ఏర్పాటు ఉంది, మీ ఓపీఎమ్ఎల్ ఫైలు నేరుగా తీసుకుంటుంది. రోజూ అందులో చదవమని కాదు. జాబితా ఒకసారి ఎక్కించి వారానికోసారి తెరిస్తే చాలు, కొత్త టపాలు మీ కంప్యూటర్లోకే దిగి నిలవ ఉంటాయి. నక్షత్రాల కోసం ఈసారి పడుతున్న అవస్థ మళ్ళీ పడక్కర్లేదు. పాత కంప్యూటరైనా చేయగలిగిన పనే ఇది.

ఖాతాలూ పాస్‌వర్డులూ వద్దు, ఫోన్ ఒక్కటే చాలు అనుకునే పాఠకులు ఉంటే, వాళ్ళకు ఆండ్రాయిడ్‌లో ఫీడర్ అనే యాప్ చెబుతాను. ఇదే పేరుతో వేరేవీ ఉన్నాయి, తెరవగానే ఖాతా అడగనిదే మనకు కావలసింది. ప్రకటనలు ఉండవు, డబ్బు అడగదు, జాబితా ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి ఇస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి ఇలాంటి యాప్‌లను వెనకాల పనిచేయనివ్వవు. అప్పుడు తెరను వేలితో కిందికి లాగితే కొత్తవి తెస్తుంది. ఐఫోన్ వాళ్ళకు నెట్‌న్యూస్‌వైర్ ఉంది, అదీ ఉచితమే. ఇంట్లో ఎవరైనా కంప్యూటర్ పనివాళ్ళుంటే ఫ్రెష్ ఆర్‌ఎస్‌ఎస్ లాంటిది సొంత సర్వర్లో పెట్టుకోమంటారు. మంచి సలహానే, కానీ దాన్ని చూసుకునే మనిషి ఊరు మారితే మీకు మళ్ళీ ఇదే బెంగ.

తెలుగు చదివేవాళ్ళు ఏ యాప్‌నైనా ఒక పరీక్ష పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును దృష్టిలో పెట్టుకుని చేసిన యాప్‌లలో వరుసల మధ్య ఎడం తక్కువ. మన ఒత్తులు కింది వరుసలోకి దిగిపోయి తెగిపోతాయి, పైన గుడులూ తలకట్లూ కోసుకుపోతాయి. కాబట్టి "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం", "వైశిష్ట్యం" లాంటి మాటలున్న టపా తెరిచి, అక్షరం సైజు మీకు కావలసినంత పెంచి, శీర్షికలోనూ పాఠంలోనూ ఒత్తులు పూర్తిగా కనబడుతున్నాయా చూడండి. శీర్షికల్లో తెగినా సర్దుకోవచ్చు, పాఠంలో తెగితే సర్దుకోవద్దు. వరుసల ఎడం పెంచే అవకాశం సెట్టింగ్స్‌లో ఉందేమో చూడండి. పద్యాలు ఎక్కువగా ఉండే బ్లాగు ఒకటి కూడా తెరవండి. పాదాలు విడివిడిగా వస్తున్నాయా, అన్నీ కలిసి వచనంలా అయిపోతున్నాయా తెలుస్తుంది. ఏళ్ళ తరబడి పద్యం చెప్పిన మాస్టారికి అదెంత బాధో నాకు తెలుసు. యాప్‌లో అలా కలిసిపోతే ఆ బ్లాగు వరకు అసలు పేజీలోనే చదవండి.

కొన్ని బ్లాగులకు నాలుగు వరుసలే కనిపించి ఆగిపోతాయి. అది యాప్ లోపం కాదు. బ్లాగ్‌స్పాట్‌లో ఫీడు పూర్తిగా ఇవ్వాలా, కొంచెమే ఇవ్వాలా, అసలు వద్దా అన్నది రాసేవారే ఎంచుకోవచ్చు. కొందరు పాఠకులు తమ బ్లాగుకే వచ్చి చదవాలని కొంచెమే ఇస్తారు, అది వారి హక్కు. లంకె నొక్కి వెళ్ళి చదవండి. అలాగే ఆహ్వానం ఉన్నవాళ్ళకే కనిపించేలా పెట్టుకున్న బ్లాగులు ఏ రీడర్‌లోనూ రావు. వాటిని మాత్రం బ్రౌజర్లో బుక్‌మార్క్ చేసుకోక తప్పదు.

కొత్త బ్లాగు చేర్చేటప్పుడు మామూలు చిరునామా ఇస్తే చాలు, మంచి యాప్ ఏదైనా ఫీడు తనే వెతుక్కుంటుంది. వెతుక్కోలేకపోతే, వర్డ్‌ప్రెస్ బ్లాగుకి చిరునామా చివర ఏటవాలు గీత పెట్టి ఇంగ్లీషులో ఫీడ్ అని రాయండి. బ్లాగ్‌స్పాట్‌కైతే ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్ అనే మూడు ఇంగ్లీషు మాటలు ఏటవాలు గీతలతో వరసగా చేర్చండి. ఇందులో మీకు పనికొచ్చే చిన్న సంగతి ఒకటుంది. ఒకాయన పద్యాలూ రాస్తారు, రాజకీయాలూ రాస్తారు, మీకు పద్యాలే కావాలి అనుకోండి. ఆయన టపాలకు "పద్యాలు" అని లేబుల్ పెట్టి ఉంటే, ఆ డిఫాల్ట్ తర్వాత ఏటవాలు గీత, అడ్డగీత, మళ్ళీ ఏటవాలు గీత పెట్టి ఆ లేబుల్ రాస్తే, ఆ లేబుల్ ఉన్నవే వస్తాయి.

ఇక సగం మంది రాయడం మానేశారన్నారు. జాబితా మారుస్తున్నాం కదా, వాళ్ళను తీసేద్దామా అని మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు మీకు ఆ సలహా ఇస్తారు. తీయకండి. చిరునామా తెరిస్తే బ్లాగే లేదని వచ్చేవి తీసేయండి, పేజీ ఉండి రాత లేనివి ఉంచండి. ఏడాదిగా, అయిదేళ్ళుగా ఏమీ రాయని బ్లాగు మీ యాప్‌లో ఏ ఇబ్బందీ పెట్టదు, చప్పుడు చేయకుండా పడి ఉంటుంది. రీడర్ అనేది ఒకటి ఉండాల్సిందే అని నేను అనుకునేది ముఖ్యంగా వాళ్ళ కోసమే. రోజూ రాసేవారిని మనం ఎలాగైనా కలుస్తాం. ఆరేళ్ళ తర్వాత ఒక అర్ధరాత్రి కూర్చుని ఒకే ఒక్క టపా రాసేవారిని కలవాలంటే వేరే దారి లేదు. నా జాబితాలో ఒకాయన 2014 నుంచి ఏమీ రాయలేదు. పోయిన ఏడాది ఒక పొద్దున ఆయన పేరు పక్కన 1 అని అంకె కనిపించింది. వాళ్ళ ఊరి చెరువు పూడ్చేశారట, ఆ చెరువు గురించి రాశారు. కాఫీ చల్లారిపోయేదాకా చదివాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ రాయలేదు. జాబితాలోంచి తీసేసి ఉంటే ఆ చెరువు నాకు తెలిసేది కాదు.

అందుకే ఫోల్డర్లు విషయాన్ని బట్టి కాకుండా, ఎంత తరచుగా రాస్తారన్నదాన్ని బట్టి పెట్టుకోమంటాను. కథలు, వంటలు, ప్రయాణాలు అని విడదీస్తే, రోజుకు రెండు రాసేవాళ్ళ కింద అరుదుగా రాసేవాళ్ళు మునిగిపోతారు. "అరుదు" అని ఒక ఫోల్డర్ చేసి అందరికంటే పైన పెట్టండి. పొద్దున్నే అదొక్కటి చూస్తే చాలు. వార్తల సైట్లు ఏమైనా చేర్చి ఉంటే వాటిని బయటికి పంపేయండి, అవి రోజుకు వంద తెచ్చిపోసి మిగతావాటిని కనబడనివ్వవు. చదవనివి ఇన్ని ఉన్నాయని ఎర్రగా చూపించే అంకె గురించి టెన్షన్ పెట్టుకోవద్దు. పండక్కి పిల్లలొచ్చి పది రోజులు చదవలేకపోతే, "అరుదు" తప్ప మిగతావన్నీ చదివినట్టు గుర్తు పెట్టేసి మళ్ళీ మొదలుపెట్టండి.

కొత్త యాప్‌లో మొదటిరోజు ఒక వింత కనబడుతుంది, ముందే చెబుతున్నాను. పాత యాప్‌లో ఏళ్ళ తరబడి టపాలు ఉండేవి, కొత్తదానిలో మీ ఫోన్‌లో దిగేవి కొద్దిగానే కావచ్చు. ఫీడులో బ్లాగులు పాతవన్నీ పెట్టవు. మామూలుగా బ్లాగ్‌స్పాట్ చివరి 25 టపాలు, వర్డ్‌ప్రెస్ చివరి 10 ఇస్తాయి. పాతవి ఎక్కడికీ పోలేదు, బ్లాగులో ఉన్నాయి.

మీ మనవడి మాటకూ జవాబు ఇవ్వాలి. తాతయ్య కష్టపడకూడదనే చెప్పాడు. కానీ ఫేస్‌బుక్‌లో ఫాలో అయితే ఎవరు రాసింది మీకు చూపించాలో ఫేస్‌బుక్ నిర్ణయిస్తుంది. ఏళ్ళ తరబడి మౌనం తర్వాత, లైకులు లేకుండా వచ్చిన చెరువు టపాను అది మీ ముందుకు తెస్తుందని నేను నమ్మను. పైగా మీ 112 మందిలో అక్కడ లేనివారు, ఉన్నా వేరే పేరుతో ఉన్నవారు ఎంతమందో. టపాలు మెయిల్‌కి తెప్పించుకోవడం ఒకప్పుడు మంచి దారే, కానీ బ్లాగ్‌స్పాట్ బ్లాగుల్లో ఎక్కువగా కనిపించిన ఆ మెయిల్ ఏర్పాటును గూగుల్ 2021లో ఆపేసింది. వర్డ్‌ప్రెస్‌లో ఇంకా ఉంది. నూటపన్నెండు బ్లాగులకు అది సరిపడే పద్ధతి కాదు.

కూడలి మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినుల్లో మనం చూసింది అందరికీ కలిపి ఇంకొకరు కూర్చిన జాబితా. ఎవరో తెలియని మనిషి రాసింది కూడా కళ్ళబడేది, పదిమంది వ్యాఖ్యలు ఒకచోట కనిపించేవి. రీడర్‌లో ఆ సందడి ఉండదు, మీరు ఎంచుకున్నవాళ్ళే ఉంటారు. కొత్తవాళ్ళు కావాలంటే మీకు నచ్చిన బ్లాగుల పక్కన ఉండే లంకెల పట్టీ చూడండి. బాగా రాసేవాళ్ళు తాము చదివేవాళ్ళ పేర్లు అక్కడ పెడతారు. నా జాబితాలో సగం అలా చేరినవే.

రీడర్‌లో చదివే మనలాంటివాళ్ళ వల్ల రాసేవారికి ఒక నష్టం ఉంది. మనం వాళ్ళ పేజీకి వెళ్ళం, కాబట్టి ఎవరో చదివారన్న సంగతే వాళ్ళకు తెలియదు. "ఎవరూ చదవడం లేదు" అనుకుని ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. మీరు జాబితా మార్చే ఈ నెలలోనే ఒక పది బ్లాగులకు వెళ్ళి వ్యాఖ్య పెట్టండి, ఆపేసినవాళ్ళకూ పెట్టండి. "2011లో మీరు రాసిన ఫలానా టపా నేను దాచుకున్నాను" అని ఒక తెలుగు మాస్టారు రాస్తే, అది ఆ బ్లాగరుకు మెయిల్‌లో వెళ్ళే అవకాశం ఉంది. ఆ చెరువు టపా కింద నేనూ నాలుగు మాటలు రాశాను. రెండు నెలలకు జవాబు వచ్చింది.

ముందు ఎక్స్‌పోర్ట్ నొక్కి చూడండి. ఫైలు దిగకపోతే, తెర మీద ఏ మాటలు కనిపించాయో ఇంగ్లీషైనా సరే ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి, యాప్ పేరు కూడా రాయండి. గడువు దగ్గర పడుతోంది కాబట్టి మీ ఉత్తరానికి వచ్చే వారమే జవాబిస్తాను.